అనవసరమని ఎవరు తేల్చాలి?

ఒక నియమాన్ని గానీ ఒక తనిఖీని గానీ "ఇది అనవసరం" అని తీసిపారేసే అధికారం ఎవరిది? పైకి ఇది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. ఇంట్లో పాత సామాను అటక ఎక్కించేటప్పుడు ఎవరూ ఈ ప్రశ్న వేసుకోరు, వేసుకోనక్కర్లేదు కూడా. కాని లక్షలమంది ఆధారపడిన ఒక వ్యవస్థలో నుంచి ఒక తనిఖీని ఊడబెరికేటప్పుడు ఇదే ప్రశ్న నీతికి సంబంధించినదవుతుంది. నీతి అనగానే శతకాలు జ్ఞాపకం చేసుకోవలసిన పని లేదు. లాభం ఒకరికీ నష్టం మరొకరికీ చేరే ప్రతి నిర్ణయంలోనూ నీతి ప్రశ్న ఉన్నది. ఆ నిర్ణయం పంచాయతీ ఆఫీసులో జరిగినా ఒకటే, కంప్యూటర్ లోపల జరిగినా ఒకటే.

నేను ఎత్తుకుంటున్నది కంప్యూటర్ లోపలి సంగతి. సాంకేతిక విషయమని మిత్రులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ఇవాళ మన పిల్లలు వేలసంఖ్యలో చేస్తున్న పని ఇది. మా పూతలపట్టు లాంటి చోట కూడా, మామిడితోట ఉన్న ఇంట్లోనూ లేని ఇంట్లోనూ, ఒకరు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఈ పనిలో ఉన్నారు. ఆ పనిలోని నీతి గురించి మన పత్రికలు మాట్లాడకపోతే మరెవరు మాట్లాడతారు?

కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములన్నిటికీ పైన కెర్నెల్ అనేది ఒకటి ఉంటుంది. మెమరీ అంతా దాని స్వాధీనం. మామూలు ప్రోగ్రాం తన వాటాకు వచ్చిన మెమరీలోనే చదవగలదు, రాయగలదు. కెర్నెల్ ఎక్కడైనా రాయగలదు. మామూలు ప్రోగ్రాంకు ఏదైనా సమాచారం కావలసివస్తే అది కెర్నెల్‌ను అడుగుతుంది. అడిగేటప్పుడు "జవాబు ఫలానా చోట రాసిపెట్టు" అని ఒక చిరునామా ఇస్తుంది. చిక్కంతా ఈ చిరునామాలోనే ఉన్నది. మండలాఫీసులో రికార్డు గది తాళం ఊరి మోతుబరి దగ్గర ఉండదు, అటెండరు దగ్గర ఉంటుంది. మోతుబరి వచ్చి, "నా అర్జీకి జవాబు రికార్డు గదిలో, ఆ అడంగల్‌లో, ఫలానా పేజీ మీద రాసిపెట్టు" అన్నాడనుకోండి. అటెండరు మారుమాట లేకుండా ఆ పని చేస్తే, తాళం లేనివాడు తాళం ఉన్నవాడి చేత రికార్డు దిద్దించినట్టే. తాళం ఎంత గట్టిదైనా ఇక్కడ ఉపయోగం లేదు. ఈ రకం మోసాన్ని 1988లో నార్మ్ హార్డీ అనే ఆయన "కన్‌ఫ్యూజ్డ్ డిప్యూటీ" అని పేరు పెట్టి వివరించాడు. అంటే అధికారం ఉండి, ఎవరి తరఫున ఆ అధికారాన్ని వాడుతున్నాడో తెలియని ఉద్యోగి అన్నమాట. ఇటువంటివాళ్లు మనకు కొత్త కాదు.

అందుచేత కెర్నెల్ రాయబోయే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ చిరునామా అడిగినవాడి హద్దులోదేనా? లైనక్స్ కెర్నెల్‌లో ఈ తనిఖీ పేరు "యాక్సెస్ ఓకే". రెండు అంకెలను పోల్చి చూడటం మించి అందులో ఏమీ లేదు.

2017లో జరిగిన సంగతి చెబుతాను. లైనక్స్‌లో "వెయిట్ ఐడీ" అనే సేవ ఒకటి ఉన్నది. ఒక ప్రోగ్రాం తాను పుట్టించిన పిల్ల ప్రోగ్రాం ఏమైందో, ముగిసిందో ఆగిందో, దీని ద్వారా కెర్నెల్‌ను అడిగి తెలుసుకుంటుంది. కెర్నెల్ జవాబును ఆరు గళ్లలో నింపుతుంది. ఆరు గళ్లూ ఒకే కాగితం మీద ఉన్నవే. పాత పద్ధతిలో ఒక్కొక్క గడి నింపేటప్పుడూ తనిఖీ జరిగేది, అంటే ఒకే కాగితాన్ని గురించి ఒకే ప్రశ్న ఆరుసార్లు. దీనికి తోడు కొత్త ప్రాసెసర్లలో మరొక రక్షణ ఉన్నది: మామూలు ప్రోగ్రాం మెమరీని కెర్నెల్ ముట్టుకోవాలంటే ముందు ఒక గడియ తియ్యాలి, పని కాగానే మళ్లీ వెయ్యాలి. ఆరు గళ్లకు ఆరుసార్లు గడియ తియ్యటం, వెయ్యటం వృథా కాలహరణమే గదా! అందుకని ఆ భాగాన్ని తిరగరాశారు. ఒకసారి గడియ తీసి, ఆరు గళ్లూ నింపి, ఒకసారి వెయ్యాలి. ఇంతవరకూ తప్పుపట్టటానికి ఏమీ లేదు. కాని ఈ కొత్త పద్ధతిలో గళ్లు నింపే సాధనం తనిఖీ చెయ్యదు. తనను పిలిచినవాళ్లు ముందే ఆ పని చేసి ఉంటారన్న నమ్మకం మీద అది నడుస్తుంది. ఇక్కడ ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఆరు తనిఖీలు ఎక్కువని తీసేస్తే, ఉండితీరవలసిన ఒకటి కూడా వాటితో పాటే వెళ్లిపోయింది. ఆ సాధనం పేరులోనే "అన్‌సేఫ్" అనే మాట ఉన్నది. పేరులో హెచ్చరిక ఉన్నంత మాత్రాన ప్రమాదం తప్పదని సిగరెట్టు పెట్టె చూసిన వాళ్లందరికీ తెలుసు.

ఈ మార్పుతో 4.13 సంచిక 2017 సెప్టెంబరులో విడుదలయింది. అక్టోబరులో ఒక పరిశోధకుడు లోపం కనిపెట్టాడు, తనిఖీని తిరిగి పెట్టారు. మధ్యకాలంలో ఆ సంచిక నడిచిన ఏ యంత్రంలోనైనా, ఏ హక్కులూ లేని మామూలు వాడుకరి కెర్నెల్ సొంత మెమరీలో రాయించగలిగే వీలు ఉన్నది. ఆ వీలును పట్టుకుని యంత్రానికి యజమాని కావచ్చునని పలువురు చేసి చూపించారు కూడా.

ఇందులో నన్ను పట్టి నిలిపిన అంశం లోపం కాదు. లోపం ఎవరైనా చేస్తారు. నన్ను నిలిపినదేమంటే, తనిఖీ పోయిన తర్వాత ఏమీ జరగకపోవటం. ఒక్క ప్రోగ్రాం ఆగలేదు, ఒక్క లెక్క తప్పలేదు. నిజాయితీ గల ప్రోగ్రాం ఏదీ తనది కాని చిరునామా ఇవ్వదు గనక, తనిఖీ ఉన్నా లేకున్నా దానికి ఒకటే. కాబట్టి నిజాయితీపరుల అనుభవాన్ని ఎంత పోగుచేసినా ఆ తనిఖీ అవసరమో కాదో తేలదు. అది ఎవరికోసం ఉన్నదో వాడు వచ్చినప్పుడే తేలుతుంది.

నా పాత విద్యార్థి ఒకడు బెంగుళూరులో ఇటువంటి మెమరీ పనిలోనే ఉన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు. "సార్, ఒక చెక్కు ఉన్నింది. పదేండ్లలో ఒక్క తూరి కూడా అది తగలలేదు. ఎందుకు పెట్టినారో ఎవురికీ తెలీదు. తీసేస్తే స్పీడు పెరిగింది" అన్నాడు. "తెలియనప్పుడు ఎట్ల తీసేస్తివిరా?" అన్నాను. "తెలియనిదాన్ని ఎన్నాళ్లని మోస్తాం సార్?" అన్నాడు. వాడి జవాబును నేను తేలిగ్గా తీసుకోవటం లేదు. దానికి మళ్లీ వస్తాను. కాని వాడి మొదటి మాటలో ఒక తర్కదోషం ఉన్నది. పదేళ్లలో ఒక్కసారి కూడా పని పడలేదు గనక అనవసరం అనటం కరువు సీమవాళ్లు అనవలసిన మాట కాదు.

మా వైపు చెరువు కట్టకు ఒక పక్క మొరవ ఉంటుంది. కోస్తావాళ్లు కలుజు అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. చెరువు నిండి పొర్లే రోజున ఎక్కువైన నీళ్లు కట్టను తెంచకుండా పక్కకు పోవటానికి కట్టినది. మా చెరువులు నిండేది ఎప్పుడు? వరసగా ఏళ్లతరబడి మొరవ మీద చుక్క నీరు పారదు. అది పిల్లలు ఆడుకునే రాతిగట్టు అవుతుంది. నీళ్లు పోవలసిన కాలువలో ఎవరో ఒకరు చెనిక్కాయ వేస్తారు, తర్వాత కంప నాటుతారు, ఆ తర్వాత దానికి పట్టా అడుగుతారు. ఆ మనిషిని మూర్ఖుడని నేను అనను. అతని అనుభవంలో ఆ స్థలం నిజంగానే వృథాగా పడి ఉన్నది. 2021 నవంబరులో వానలు వచ్చినప్పుడు రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 19వ తేదీన కొట్టుకుపోయింది. ఆ ప్రాజెక్టుకు గేట్లు ఐదు. వాటిలో ఒకటి పని చెయ్యని స్థితిలో ఉన్నది. కరువు సంవత్సరాలలో ఐదో గేటు పని చేసినా చెయ్యకపోయినా భేదమేమీ కనిపించదు, నాలుగు సరిపోతాయి, ఒక్కొక్కప్పుడు ఒకటి కూడా అక్కర్లేదు. కింద ఉన్న పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల వాళ్లకు ఆ ఐదోదాని విలువ తెలిసిరావటానికి ఒక్క తెల్లవారుజాము చాలింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మరమ్మతు వాయిదా వేస్తే మిగిలే డబ్బు ఒకచోట మిగులుతుంది, ప్రాణాలు మరొకచోట పోతాయి. కెర్నెల్ విషయంలోనూ ఇంతే. తనిఖీ తీసేస్తే క్షణంలో కోటివంతు మిగులుతుంది. ఆ మిగులు కొలవటానికి వీలైనది, అంకెల్లో చూపించవచ్చు, జీతం పెంచమని అడిగేటప్పుడు ఆధారంగా పెట్టవచ్చు. తనిఖీని ఉంచినవాడి శ్రమ ఎక్కడా కనిపించదు, జరగని ప్రమాదానికి రశీదు ఉండదు గనక. ఈ లెక్కల పద్ధతే తనిఖీలకు విరోధి. ఒక్కొక్క ఇంజనీరు మంచివాడా చెడ్డవాడా అన్నది దాని తర్వాతి సంగతి.

మనుషులు తీసేసే తనిఖీల సంగతి ఇది. యంత్రమే తీసేసిన ఉదంతం కూడా ఒకటున్నది. 2009లో లైనక్స్ 2.6.30 సంచికలో నెట్‌వర్క్‌కు సంబంధించిన ఒక భాగంలో ఇలా రాసి ఉన్నది: మొదటి పంక్తిలో ఒక చిరునామాకు పోయి అక్కడున్న విలువ తెచ్చుకోవటం, తర్వాతి పంక్తిలో ఆ చిరునామా శూన్యమా అని చూసి, శూన్యమైతే వెనక్కి తిరగటం. వరస తారుమారయింది, నిజమే. అయినా తనిఖీ అంటూ ఉన్నది. మనిషి రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దీన్ని చూసి ఇలా తర్కించింది: "ఆ చిరునామాకు ముందే పోయి వచ్చాడు. శూన్యమైన చిరునామాకు పోవటం భాషానియమాలకు విరుద్ధం. నియమవిరుద్ధమైన పని ప్రోగ్రామర్ చెయ్యడు. కాబట్టి అది శూన్యం కాదు. కాబట్టి తనిఖీ అనవసరం." అని తనిఖీని చడీచప్పుడు లేకుండా చెరిపేసింది. కాగితం మీద తనిఖీ ఉన్నది, నడిచే యంత్రంలో లేదు. శూన్యపు చిరునామా దగ్గర తనకు కావలసిన సరుకు ముందే పెట్టుకోగలిగిన వాడికి దారి తెరుచుకున్నది. ఆ తర్వాత కెర్నెల్‌ను కూర్చేటప్పుడు "శూన్యపు తనిఖీలు చెరపవద్దు" అని కంపైలర్‌కు ప్రత్యేకంగా ఆజ్ఞ ఇవ్వటం మొదలుపెట్టారు.

తర్కం నేర్పే ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కంపైలర్ తర్కంలో ఒక్క మెట్టు కూడా తప్పు లేదు. తప్పు మొదటి ప్రతిపాదనలో ఉన్నది: మనిషి నియమాన్ని మీరడు అన్న ప్రతిపాదనలో. లోకం ఎలా ఉండాలో రాసిపెట్టుకున్న పుస్తకాన్ని చూసి, లోకం అలాగే ఉన్నదని తేల్చటం భావవాదం చిరకాలంగా చేస్తున్న పనే. చట్టం అంటరానితనాన్ని నిషేధించింది గనక అంటరానితనం లేదు, లేదు గనక దాన్ని విచారించే యంత్రాంగం అనవసరం అని వాదించే పెద్దమనుషులను మీరూ నేనూ ఎరుగుదుము. వాళ్ల తర్కానికీ ఈ కంపైలర్ తర్కానికీ ఎముకల గూడు ఒకటే.

ఏరియన్ 5 రాకెట్టు సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1996 జూన్ 4న మొదటి ప్రయోగంలో సుమారు 40 సెకన్లకే అది పేలిపోయింది. దారి లెక్కకట్టే యంత్రంలో ఒక పెద్ద అంకెను చిన్న గడిలో ఇరికించబోతే పట్టలేదు. అటువంటి ప్రమాదం రాగల అంకెలు ఏడని ముందే గుర్తించారు. యంత్రం మీద పని భారం 80 శాతం మించకూడదని నాలుగింటికే కాపలా పెట్టి మూడింటిని వదిలేశారు. ఆ మూడూ హద్దు దాటవని ఏరియన్ 4 విషయంలో లెక్క వేసుకున్నారు, ఆ లెక్క సరైనదే. ఆ ప్రోగ్రాంను మరింత వేగంగా పక్కకు సాగే కొత్త రాకెట్టులో యథాతథంగా పెట్టారు. పాత పరిస్థితిలో "అనవసరం" అన్న తీర్పు కొత్త పరిస్థితిలోకి తీర్పుగానే వచ్చింది, ఏ ఆధారం మీద ఇచ్చారో ఆ ఆధారం మాత్రం వెంట రాలేదు.

అయితే ఈ రాకెట్టులో మనుషులు లేరు. మనుషులున్న ఉదాహరణ మన భాష మాట్లాడే చోటనే ఉన్నది. తెలంగాణలో 2014 తర్వాతి సంవత్సరాలలో లక్షల సంఖ్యలో రేషన్ కార్డులు రద్దయ్యాయి. ప్రభుత్వం దగ్గరున్న రకరకాల జాబితాలను కంప్యూటర్ ఒకదానితో ఒకటి పోల్చి, ఫలానావారు అర్హులు కారని తేల్చింది. రద్దు చేసే ముందు నోటీసు ఇవ్వటం, ఒక మనిషి ఆ ఇంటికి పోయి చూడటం అనే పాత తనిఖీ ఉన్నదే, అది జాబితాలన్నీ చేతిలో ఉన్నవాళ్లకు ఆరుసార్లు వేసిన ప్రశ్నలాగే కనిపించి ఉంటుంది. కంప్యూటర్ చెప్పాక మళ్లీ తలుపు తట్టటం దేనికి? వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమని ఆదేశించింది. అంటే తీసేసిన తనిఖీని తిరిగి పెట్టమన్నది. కెర్నెల్‌లో ఆ పనికి ఒక నెల పట్టింది, ఇక్కడ ఏళ్లు పట్టింది. కెర్నెల్‌లో లోపం ఎవరి కంట పడ్డా వాళ్లు అందరికీ వినిపించేటట్టు చెప్పగలరు. ఒకే పేరున్న ఎవరి కారో తన ఖాతాలో పడి బియ్యం ఆగిపోయిన ముసలామె చెప్పుకున్నది డీలరు అంగడి గడప దాటి పోదు.

ఇప్పుడు నా విద్యార్థి అడిగిన ప్రశ్న. తెలియనిదాన్ని ఎన్నాళ్లు మొయ్యాలి? నా వాదాన్ని ఇక్కడే ఆపితే అది ఛాందసుల చేతికి ఆయుధమవుతుంది. పెద్దలు ఏదో కారణంతో పెట్టారు, కదల్చవద్దు అనే మాట మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. 1929లో ఇంగ్లీషు రచయిత చెస్టర్‌టన్ దారికడ్డంగా ఉన్న ఒక కంచె ఉపమానం చెప్పాడు: అది ఎందుకు వేశారో తెలియనివాడికి దాన్ని తీసేసే హక్కు లేదని. ఆయన సంప్రదాయవాది, ఆ ఉపమానాన్ని సంప్రదాయవాదులు నాటి నుంచీ బాగానే వాడుకుంటున్నారు. కాని దాన్ని జాగ్రత్తగా చూస్తే అది వాళ్ల పక్షాన అంత గట్టిగా నిలబడదు. కారణం తెలుసుకోమన్నాడే గాని, తెలుసుకున్న తర్వాత ఉంచితీరాలని అనలేదు. మన పల్లెల టీ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎందుకు పెట్టారో మనకు తెలియదా? చక్కగా తెలుసు. తెలుసు గనకనే పగలగొట్టమన్నాం. తనిఖీ అన్న పేరుతో పెట్టిన ప్రతి అడ్డూ ఒక జాతిది కాదు. కొన్ని బలవంతుడి చేతిని పట్టుకుంటాయి, కొన్ని బలహీనుడి మెడను పట్టుకుంటాయి. కెర్నెల్ తనిఖీ మొదటి రకం. అన్ని హక్కులూ ఉన్నది తన హక్కును వాడబోయే ముందు తన్ను తాను వేసుకునే ప్రశ్న అది. బతికే ఉన్నానని ఏటేటా రుజువు తెచ్చుకోమని పింఛను ముసలివాళ్లను తిప్పటం వేరే రకం, దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచిది.

సబబుగా తీసెయ్యటం ఎలా ఉంటుందో కూడా లైనక్స్‌లోనే ఒక ఉదాహరణ ఉన్నది. "యాక్సెస్ ఓకే" అనే ఈ తనిఖీనే పిలిచేటప్పుడు, చదవటానికా రాయటానికా అని ఒక మాట అదనంగా చెప్పవలసివచ్చేది. ఎందుకంటే ఇంటెల్ 80386 ప్రాసెసర్, రాయకూడదని గుర్తు పెట్టిన మెమరీలో కూడా కెర్నెల్ రాయబోతే అడ్డం చెప్పేది కాదు. అందుచేత కెర్నెల్ తానే చేత్తో వెతికి చూసుకోవలసివచ్చేది. తర్వాతి ప్రాసెసర్లు ఆ కాపలా తామే కాశాయి. 2012 డిసెంబరులో లైనక్స్ 80386కు సెలవు చెప్పింది. అప్పటితో ఆ మాటకు ఉన్న ఒకే ఒక కారణం పోయింది. 2019లో లైనస్ టోర్వాల్డ్స్ ఆ మాటను కెర్నెల్ అంతటా ఒక్కసారిగా ఏరిపారేశాడు, ఎందుకు పుట్టింది, ఎందుకు చచ్చింది అన్నది రాసిపెట్టి మరీ. దీని వల్ల ఎవరికీ ఏ కీడూ జరగలేదు. నా విద్యార్థి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే: తెలియనిదాన్ని మొయ్యనక్కర్లేదు, కాని తెలుసుకునే శ్రమ దింపేవాడి మీద ఉన్నది. ఆ తనిఖీ పెట్టినవాడు కారణం రాసిపెట్టకపోవటం కూడా తక్కువ నేరం కాదు. కారణం రాయని కాపలా రెండు తరాల్లో మూఢాచారంగా మారుతుంది, మూడో తరం దాన్ని తన్నిపారేస్తుంది, అప్పుడు దాని వెనక ఏమున్నదో బయటపడుతుంది.

2019 మార్చిలో విడుదలైన ఆ 5.0 సంచికలోనే మరొక మార్పు కూడా చేశారు, 2017 నాటి లోపం మళ్లీ రాకుండా. ఇదివరకు గడియ తియ్యటం ఒక పని, తనిఖీ మరొక పని. రెండోది మరిచిపోయినా మొదటిది జరిగేది. ఇప్పుడు రెండూ ఒకటే పని. చిరునామా హద్దులోదని తేలితేనే గడియ ఊడుతుంది, లేకపోతే ఊడదు. రాసేవాడి జ్ఞాపకశక్తి మీదా సద్బుద్ధి మీదా ఆధారపడటం తగ్గిపోయింది. రేషన్ కార్డును రద్దు చేసే మీట ఏ అధికారి చేతిలో ఉన్నా సరే, ఒక మనిషి ఆ ఇంటికి పోయి చూసి వచ్చినట్టు నమోదైతేనే ఆ మీట పడేటట్టు చెయ్యటం మన పిల్లలకు ఒక వారం పని. దానికయ్యే అసలు ఖర్చు ఆ ఇంటికి నడిచి వెళ్లే ఉద్యోగి జీతం.